లారీ క్యాబిన్‌లోని బెర్తుకు ఏ పరుపు వేయించాలి?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. మాకు సొంతంగా ఒక పది టైర్ల లారీ ఉంది. మావారు, మా మరిది ఇద్దరూ దాని మీద డ్రైవర్లు. ఆకివీడు, భీమవరం వైపు చేపల లోడు ఎత్తుకుని హౌరా వెళ్తారు. ఒకరు నడుపుతుంటే ఇంకొకరు వెనక బెర్తు మీద పడుకుంటారు. లారీతో వచ్చిన పరుపు మధ్యలో గుంట పడి, కింది చెక్క నడుముకు తగులుతోంది. మావారికి కొంతకాలంగా నడుము నొప్పి. ఆయన 85 కిలోలు, మరిది 60 కిలోలు ఉంటారు. బెర్తు ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు. క్యాబిన్‌కు ఏసీ లేదు. పరుపుల షాపువాళ్ళు ఎనిమిది అంగుళాల మెమొరీ ఫోమ్ తీసుకోమంటున్నారు. ఇంట్లో ఉన్న బూరుగు దూది పరుపు విప్పి బెర్తు కొలతకు కుట్టించమని అత్తగారు అంటున్నారు. నడుము నొప్పికి చెక్క మీద పడుకోవడమే మందని మరిది అంటాడు. ఏది చేయమంటారు?
— ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, మీరు రాసిన మూడు సలహాల్లో ఏ ఒక్కటీ ఉన్నది ఉన్నట్టుగా మీ లారీకి సరిపోదు. నా సలహా ఇది: మొత్తం నాలుగు అంగుళాల మందం దాటకుండా, అడుగున రెండున్నర అంగుళాల గట్టి రీబాండెడ్ ఫోమ్, దాని మీద ఒకటిన్నర అంగుళాల 40 డెన్సిటీ ఫోమ్ లేదా లేటెక్స్ వేయించి, ఉతుక్కోవడానికి వీలైన నూలు కవరు తొడిగించండి. పైన పరచుకోవడానికి పలుచని బొంత కుట్టించండి. అయితే ఈ పేర్ల అర్థం, కారణాలు తెలియకుండా షాపుకు వెళ్తే అక్కడ చెప్పే మాటలకు మనసు మారిపోతుంది కనుక, వాటిని కొంచెం వివరంగా చెప్తాను.

అన్నిటికంటే ముందు గుర్తుంచుకోవలసిన విషయం, మీవాళ్ళు పడుకునేది కదులుతున్న బండిలో. ఇంటి మంచం మీద పరుపు చేయవలసిన పని ఒక్కటే, శరీరం బరువును సమంగా మోయడం. లారీ బెర్తు మీద పరుపు ఆ పనితోపాటు కింది నుంచి వచ్చే అదురును కూడా తట్టుకోవాలి. చెరువు గట్ల దారులు, కాలువ పక్క రోడ్లు దాటుకుని తణుకు దగ్గరో తాడేపల్లిగూడెం దగ్గరో 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కేదాకా ఉండే కుదుపు ఒక రకం. ఆ తరువాత వెయ్యి కిలోమీటర్లకు పైగా ఆగకుండా సాగే సన్నని అదురు ఇంకొక రకం. పైకీ కిందికీ సెకనుకు నాలుగు నుంచి ఎనిమిది సార్లు కలిగే అదురుకు మన శరీరం, ముఖ్యంగా వెన్ను, అన్నిటికంటే ఎక్కువగా స్పందిస్తుంది. మెత్తగా, మందంగా ఉన్న పరుపు కుదుపును మింగేస్తుందని మనం అనుకుంటాం కానీ, అది మనిషిని పైకి లేపి మళ్ళీ కిందికి దించుతూ ఆ ఊపును పెంచుతుంది. అందుకే స్ప్రింగు పరుపు మాట ఎవరు ఎత్తినా వినవద్దు. ఎనిమిది అంగుళాల మెత్తటి పరుపు కూడా దాదాపు ఆ కోవకే చెందుతుంది.

కొత్త పరుపు కొనక ముందు, పాతదాన్ని బయటికి తీసి దాని కింది చెక్కను చూడండి. ఈ పని చాలామంది చేయరు. బెర్తు మీద తల వైపు నుంచి కాళ్ళ వైపు దాకా ఒక దారాన్ని బిగువుగా పట్టుకుంటే, మధ్యలో చెక్క దిగిపోయి ఉంటే దారానికీ చెక్కకూ నడుమ ఖాళీ కనిపిస్తుంది. ప్లైవుడ్ తడికి ఉబ్బి పొరలు విడిపోయినా, కింది ఇనుప ఫ్రేము వెల్డింగు ఎక్కడైనా ఊడినా, ఎంత ఖరీదైన పరుపు వేసినా కొద్ది నెలల్లో అదే చోట అదే గుంట పడుతుంది. మీ పరుపు సరిగ్గా మధ్యలోనే కుంగిందని రాశారు కనుక నాకు చెక్క మీద కూడా అనుమానం ఉంది. చెక్క మార్చవలసి వస్తే మొదట ఆ ఖర్చు పెట్టి, మిగిలినదానితో పరుపు చూసుకోండి. అప్పుడే క్యాబిన్ అడుగున ఇంజను వేడిని ఆపే అట్ట చిరగకుండా ఉందో లేదో మెకానిక్‌తో చూపించండి. ఇంజను మీద క్యాబిన్ కూర్చునే బండ్లలో ఆ అట్ట చిరిగితే వేడి నేరుగా బెర్తు కిందికి వస్తుంది. ఆ వేడి నిద్రను పాడుచేయడమే కాకుండా, మన ప్రాంతపు గాలి తేమతో కలిసి ఫోమ్ జీవాన్ని కూడా త్వరగా తీసేస్తుంది.

ఇక మందం సంగతి. మీవారు బెర్తు మీద కూర్చుంటే తలకూ పైకప్పుకూ మధ్య ఎంత ఖాళీ మిగులుతుందో కొలవండి. అక్కడ పోయే ప్రతి అంగుళమూ దిగేటప్పుడు, ఎక్కేటప్పుడు, చొక్కా మార్చుకునేటప్పుడు తెలుస్తుంది. అంతకంటే ముఖ్యమైనది ముందువైపు అంచు. బెర్తుకు ముందు ఉండే చెక్క గానీ కడ్డీ గానీ పరుపు పైభాగం కంటే కనీసం రెండు అంగుళాలు ఎత్తుగా నిలవాలి. పరుపు ఆ అంచును మించి పైకి వస్తే, గట్టిగా బ్రేకు పడినప్పుడు పడుకున్న మనిషిని ఆపడానికి ఏమీ ఉండదు. షాపువారు చెప్పిన ఎనిమిది అంగుళాలు మీకు వద్దనడానికి ఈ ఒక్క కారణం చాలు. నిజం చెప్పాలంటే అంచు ఎంత ఎత్తున్నా, కదిలే లారీలో పడుకోవడం ఆగిన లారీలో పడుకున్నంత క్షేమం కాదు. అయినా పచ్చి సరుకు వ్యాపారంలో అది తప్పడం లేదని నాకు తెలుసు కనుక, ఉన్న పరిస్థితిలో చేయగలిగిన జాగ్రత్త చెప్తున్నాను.

ఫోమ్ కొనేటప్పుడు వినిపించే డెన్సిటీ అనే మాట గురించి శ్రద్ధగా చదవండి, ఎందుకంటే ఎక్కువ మోసం జరిగేది ఇక్కడే. 32 డెన్సిటీ అంటే ఒక ఘనపు మీటరు ఫోమ్ 32 కిలోలు తూగుతుందని అర్థం. అది బరువుకు సంబంధించిన లెక్కే తప్ప గట్టితనానికి సంబంధించినది కాదు; ఒకే డెన్సిటీలో మెత్తటి ఫోమ్ ఉంటుంది, గట్టిదీ ఉంటుంది. అయితే డెన్సిటీ ఎక్కువ ఉన్నది ఎక్కువ కాలం రూపం చెడకుండా నిలుస్తుంది. మీకు అనుకూలమైన సంగతి ఏమిటంటే, ఈ లెక్కను త్రాసుతో తేల్చవచ్చు. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, నాలుగు అంగుళాల మందం ఉన్న ముక్క నాలుగు ఘనపుటడుగులు అవుతుంది. అది నిజంగా 40 డెన్సిటీ అయితే దాదాపు నాలుగున్నర కిలోలు, 32 అయితే మూడు కిలోల ఆరు వందల గ్రాములు తూగాలి. రెండు కిలోల దగ్గర ఆగిపోతే అది 18 డెన్సిటీకి మించదు. సోఫా వీపు వైపు దిండుకు పనికి వస్తుందేమో గానీ 85 కిలోల మనిషి నడుముకు పనికిరాదు. మీ పై పొర ఒకటిన్నర అంగుళాలే కనుక, అది 40 డెన్సిటీ అయితే దాదాపు కిలో ఏడు వందల గ్రాములు తూగాలి. మూలలు గుండ్రంగా కోయక ముందే, కవరు తొడగక ముందే తూయించండి. తూయడానికి ఒప్పుకోని షాపులో కొనవద్దు.

రీబాండెడ్ ఫోమ్ అంటే కత్తిరించగా మిగిలిన ఫోమ్ ముక్కలను జిగురుతో కలిపి అచ్చులో నొక్కి చేసినది. రంగురంగుల చుక్కలతో కనిపిస్తుంది. ఎక్కువగా 80 నుంచి 100 డెన్సిటీలో దొరుకుతుంది, గట్టిగా ఉంటుంది, సులభంగా కుంగదు. దాన్ని ఒంటరిగా వేస్తే పక్కకు తిరిగి పడుకున్నప్పుడు భుజమూ తుంటీ ఒత్తుకుంటాయి. అందుకే దాని మీద ఒకటిన్నర అంగుళాల మెత్తటి పొర కావాలన్నాను. ఆ పై పొర లేటెక్స్ అయితే మంచిది. రబ్బరు పాలతో చేసేది కనుక నొక్కిన వెంటనే లేస్తుంది, దాని రంధ్రాల గుండా గాలి కూడా కొంత ఆడుతుంది. ఖరీదు ఎక్కువ అనిపిస్తే 40 డెన్సిటీ ఫోమ్‌తో సరిపెట్టుకోండి, కానీ పై పొర కోసం అడుగు పొర నాణ్యత తగ్గించవద్దు. మీ ఇంట్లో ఇద్దరి బరువుకూ పాతిక కిలోల తేడా ఉంది. అడుగు పొరను బరువైన మనిషిని చూసి ఎంచుకోవాలి. తేలికైన మనిషికి గట్టిగా అనిపిస్తే ఆ లోటు బొంత తీరుస్తుంది. మెత్తటి పరుపు వేసి బరువైన మనిషిని సర్దుకోమంటే మాత్రం అది జరిగే పని కాదు. పొరలు ఒకదాని మీద ఒకటి పెట్టించి, మీవారిని షాపులోనే పక్కకు తిరిగి పది పదిహేను నిమిషాలు పడుకోమనండి. తరువాత తుంటి ఆనిన చోట మోకాలితో బరువంతా వేసి నొక్కమనండి. మోకాలికి కింది గట్టి నేల తెలిస్తే ఆ పరుపు చాలదు.

మెమొరీ ఫోమ్ చెడ్డది కాదు, మీ క్యాబిన్‌కు తగినది కాదు. అది వేడికి మెత్తబడి, చలికి బిగుసుకునే పదార్థం. ఏసీ హాలులో చేత్తో నొక్కి చూపించినప్పుడు ఎంతో హాయిగా అనిపిస్తుంది. మే నెల మధ్యాహ్నం ఎండలో నడుస్తున్న లారీలో అదే పరుపు మరీ మెత్తబడి మనిషిని లోపలికి దింపేసుకుంటుంది, ఒంటి వేడిని పోనివ్వదు. డిసెంబరు రాత్రి ఒడిశా దాటేసరికి బిర్రబిగుసుకుంటుంది. పైగా నొక్కుకున్న చోట నెమ్మదిగా లేస్తుంది కనుక, కుదుపుల మధ్య పక్కకు ఒత్తిగిలడం కష్టమవుతుంది. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే భారీ లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు. అలాంటి బండి ఉన్నవాళ్ళు పైన ఒక అంగుళం మెమొరీ ఫోమ్ వేసుకుంటే నేను అభ్యంతరం చెప్పను. మీది ఏసీ లేని పాత బండి.

మీ అత్తగారి మాటలో ఉన్న విలువను తీసివేయకండి. బూరుగు దూది చాలా తేలిక, దాని నూగుకు సహజంగా మైనం వంటి పూత ఉండడం వల్ల నీటిని పీల్చుకోదు. ఒకప్పుడు నీళ్ళలో తేలే రక్షణ జాకెట్లలో నింపింది ఈ దూదినే. ఉక్కపోత ఉన్న మన డెల్టాలో పాతకాలం వాళ్ళు దాన్ని ఇష్టపడడానికి కారణం ఉంది. కానీ ఆ నూగు పెళుసుగా ఉంటుంది. రోజూ గంటల తరబడి అదురుతుంటే నలిగి, పొడి అయి, అంచులకు చేరుతుంది, నడుము కింద ఏమీ మిగలదు. అగ్గి తగిలితే క్షణాల్లో అంటుకుంటుంది కూడా. మామూలు పత్తి పరుపు గాలి ఆడుతుంది గానీ చెమటను తాగి బరువెక్కి, గడ్డలు కట్టి, ఎండబెట్టి ఏకించుకుంటేనే తిరిగి పనికి వస్తుంది. లారీకి ఆ తీరిక ఎక్కడుంది? కాబట్టి ఆ బూరుగు పరుపును ఇంట్లోనే ఉంచి, అత్తగారి చేతనే పాత నూలు చీరలతో అంగుళం లోపు మందంలో రెండు బొంతలు కుట్టించండి. ఒకటి లారీలో, ఒకటి ఉతుకులో. ఫోమ్ మీద చెమట పట్టకుండా చూసేది ఈ బొంతే. దీనికి సాటి వచ్చే వస్తువు ఏ పరుపుల షాపులోనూ దొరకదని నా నమ్మకం.

చెక్క మీద పడుకుంటే నడుము నొప్పి పోతుందని మీ మరిదే కాదు, ఎంతోమంది పెద్దలు, ఒకప్పుడు వైద్యులు కూడా చెప్పేవారు. 2003లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన స్పెయిన్ అధ్యయనంలో, చాలాకాలంగా నడుము నొప్పి ఉన్న 313 మందిని రెండు భాగాలు చేసి, కొందరికి గట్టి పరుపు, కొందరికి మధ్యస్థంగా గట్టిగా ఉన్న పరుపు ఇచ్చి 90 రోజులు చూశారు. మధ్యస్థమైన పరుపు మీద పడుకున్నవారికే నొప్పి, పనికి ఇబ్బంది ఎక్కువగా తగ్గాయి. అది ఇంటి మంచాల మీద జరిగిన పరీక్ష, నిజమే. కానీ నిలకడగా ఉన్న మంచం మీదే మరీ గట్టిది మేలు చేయనప్పుడు, అదిరే చెక్క మీద మేలు చేస్తుందని అనుకోవడానికి ఆధారం లేదు.

తేమ గురించి విడిగా చెప్పాలి. చేపల లోడు ఎత్తేటప్పుడు ఐసు నీళ్ళలో తడిసిన బట్టలతోనే క్యాబిన్ ఎక్కుతారు, వానాకాలంలో సరేసరి. ఫోమ్ పైనుంచి దిగిన చెమట కింద గాలి ఆడని ప్లైవుడ్ దగ్గర నిలిచిపోయి, పరుపు అడుగున నల్లని బూజు పడుతుంది, ముక్కవాసన వస్తుంది. దీనికి మందు కోనసీమలోనే ఉంది: పరుపు కింద పలుచని కొబ్బరి పీచు చాప పరిస్తే గాలి ఆడడానికి సందు ఉంటుంది, బ్రేకు వేసినప్పుడు పరుపు జారకుండా కూడా పట్టి ఉంచుతుంది. ముందువైపు అంచు ఎత్తు చూసుకునేటప్పుడు దాని మందాన్ని కూడా కలుపుకోండి. పీచుకు రబ్బరు పాలు పట్టించి చేసే కాయిర్ పరుపుల గురించి మీకు ఎవరైనా చెప్పవచ్చు. గాలి ఆడడంలో వాటికి వంక పెట్టలేం, కానీ రెండడుగుల ఇరుకు బెర్తు మీద రోజూ ఒకే చోట బరువు పడితే పీచు విరిగి అక్కడే కుంగుతుంది, కనుక మీవాళ్ళిద్దరి వాడకానికి నేను దాన్ని ఎంచుకోను. రెక్సిన్ కవరు తుడుచుకోవడానికి సులువు గానీ ఒంటికి ఉక్క పోస్తుంది. పైభాగం మందపాటి నూలు గుడ్డ, తలుపు వైపు అంచు, అడుగుభాగం మాత్రం రెక్సిన్ పెట్టి, మూడు వైపులా జిప్పు ఉండేలా కుట్టించండి. ఇంటికి వచ్చినప్పుడల్లా పరుపును నిలబెట్టి నీడలో గాలికి ఆరనివ్వండి. బొంతను ఎండలో వేయండి, ఫోమ్‌ను మాత్రం ఎండలో వేయవద్దు, ఎండకు అది పసుపెక్కి పొడి రాలుతుంది. కవరు తీసినప్పుడు కుట్ల మడతల్లో నల్లులు చేరాయేమో చూడండి. చేరితే కవరూ బొంతా మరిగే నీళ్ళలో వేసి ఉతకండి. పురుగుమందు కొట్టి అదే పూట మూసిన క్యాబిన్‌లో పడుకోవడం ప్రమాదం.

నిప్పు విషయంలో మీవారితో గట్టిగా మాట్లాడండి. వాహనం లోపల వాడే సామగ్రి మంటకు ఎలా ఓర్చుకోవాలో ఐఎస్ 15061 అనే భారతీయ ప్రమాణం చెప్తుంది, కంపెనీ నుంచి వచ్చే లారీ లోపలి సామగ్రి దానికి లోబడి ఉంటుంది. మనం బజారులో కోయించే మామూలు ఫోమ్‌కు ఆ భరోసా ఉండదు; అది అంటుకుంటే త్వరగా మండుతుంది, దాని పొగ విషం. దోమల కాయిల్ వెలిగించి బెర్తు పక్కన పెట్టుకునే అలవాటు మన ప్రాంతపు డ్రైవర్లలో చాలామందికి ఉంది. దాన్ని పూర్తిగా మానిపించి, కిటికీలకు దోమల జాలీ బిగించండి. దేవుడి ముందు వెలిగించిన అగరుబత్తిని పూర్తిగా ఆరిందని చూశాకే బెర్తు ఎక్కాలి.

కోత కోసం బెర్తు కొలతలు నోటితో చెప్పకండి. వెనక మూలల వంపు, సీటు ఆనే చోటు, బెల్టు వచ్చే చోటు ఇవన్నీ ప్రతి బండికీ వేరుగా ఉంటాయి. పెద్ద అట్టను బెర్తు మీద పరచి, అంచుల వెంబడి గీసి కత్తిరించి, ఆ నమూనాను లారీ సీట్లు కుట్టే షాపుకు పట్టుకెళ్ళండి. పరుపుల షోరూము కంటే వాళ్ళకే ఈ పని బాగా తెలుసు. బెర్తు కింద జాకీ, పనిముట్లు పెట్టుకునే పెట్టె ఉంటే, ఆ మూత తెరవడానికి పరుపును రెండు ముక్కలుగా చేయించుకోవచ్చు. అప్పుడు అతుకు నడుము కింద గానీ తుంటి కింద గానీ రాకూడదు; తల వైపు నుంచి నాలుగడుగులు వదిలి, మోకాళ్ళ దగ్గర కోయించండి. కొత్త ఫోమ్ వాసన పోయేదాకా రెండు మూడు రోజులు వసారాలో ఉంచి, తరువాతే క్యాబిన్‌లో వేయండి.

పరుపు మారినంత మాత్రాన మీవారి నొప్పి అంతా పోతుందని మాత్రం నేను మాట ఇవ్వలేను. ఆయన నడుము బెర్తు మీద కంటే డ్రైవరు సీటులోనే ఎక్కువ గంటలు గడుపుతుంది. ఆ సీటు కూడా కుంగి ఉంటే ఈ ఖర్చులో దాన్ని కూడా సరిచేయించండి. 2025లో కొత్త కార్మిక కోడ్ వచ్చేదాకా అమలులో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం ఒక రోజు పని ముగిసిన తరువాత మరునాటి పని మొదలయ్యేలోగా తొమ్మిది గంటల విశ్రాంతి వరుసగా ఉండాలన్నది. చేపల లోడుతో పోయేటప్పుడు అది కుదరదు. కానీ హౌరాలో లోడు దింపి తిరిగి వచ్చేటప్పుడు ఐసు కరిగిపోతుందన్న తొందర ఉండదు కదా. ఆ రాత్రి ఒక్కటైనా లారీని వెలుతురున్న పార్కింగులో నిలిపి, ఒకరు బెర్తు మీద, ఒకరు దాబా మంచం మీద తెల్లవార్లూ పడుకుంటే, కొత్త పరుపు వల్ల మేలు జరుగుతోందో లేదో కూడా సరిగ్గా తెలుస్తుంది. నొప్పి కాలిలోకి దిగుతున్నా, పాదం తిమ్మిరెక్కుతున్నా, కాలు పట్టు తప్పుతున్నా పరుపు సంగతి పక్కన పెట్టి వెంటనే ఎముకల వైద్యుడికి చూపించండి. మూత్రం దగ్గర పట్టు తప్పితే ఒక్క పూట కూడా ఆగకూడదు.

ఇంకొక్క జాగ్రత్త మీవారికీ మీ మరిదికీ చెప్పండి. ఇంజను పనికి క్యాబిన్‌ను ముందుకు వంచే ముందు పరుపును బయటికి తీసేయాలి, లేదా బెర్తుకు రెండు బెల్టులతో కట్టేయాలి. రీబాండెడ్ పొర ఒక్కటే సుమారు ఆరేడు కిలోలు ఉంటుంది; కట్టకుండా వంచితే అది జారి ముందు అద్దం మీద పడుతుంది. కవరు కుట్టించేటప్పుడే ఆ బెల్టులు దూరడానికి నాలుగు మూలలా కాజాలు పెట్టించండి.